నూకలు, గడ్డి, మురుగుకాలువ: గోదావరి డెల్టాకు బయో ఎకానమీ లెక్క

ఏ పెట్టుబడుల సదస్సు చూసినా ఇప్పుడు ‘బయో ఎకానమీ’ మాట లేకుండా ప్రసంగం ముగియడం లేదు. 2014లో 1,000 కోట్ల డాలర్లున్న దేశ బయో ఎకానమీ 2024 నాటికి 16,570 కోట్ల డాలర్లయిందని కేంద్రం లెక్క చెబుతోంది. 2030కల్లా 30,000 కోట్లకు చేర్చాలన్నది లక్ష్యం. ఆ దారిలోనే 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ‘ఆర్థిక ప్రగతికి, పర్యావరణానికి, ఉపాధికి బయోటెక్నాలజీ’ అనే బయోఈ3 విధానానికి ఆమోదముద్ర వేసింది. టీకాలు, బీటీ పత్తి విత్తనాలు, పెట్రోలులో కలిపే ఇథనాల్ అన్నిటినీ ఒకే గంపలో వేసి తూచిన అంకె ఈ బయో ఎకానమీ. రావులపాలెం రైతుకో, భీమవరం చెరువు యజమానికో ఆ అంకెతో పనిలేదు. ఆ గంపలో సగానికి దగ్గరగా ఉన్న పారిశ్రామిక బయోటెక్నాలజీతో మాత్రం పని ఉంది. దానికి కావలసిన ముడిసరుకు వాళ్ల చేలోనే పండుతోంది మరి.

పారిశ్రామిక బయోటెక్నాలజీ అంటే, రసాయన కర్మాగారం పెట్రోలియంతోనో, ఆమ్లాలతోనో, విపరీతమైన వేడితోనో చేసే పనిని సూక్ష్మజీవి చేత, లేదా అది తయారుచేసే ఎంజైము చేత చేయించడం. ఈస్ట్ కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, బూజు కావచ్చు, దేనికైనా తిండి కావాలి. ఆ తిండి చక్కెర. కొత్త సూక్ష్మజీవి, జన్యు సవరణ అంటూ పత్రికల్లో ఎంత హడావిడి జరిగినా, ఫ్యాక్టరీ నిలబడేదీ పడిపోయేదీ రెండు ప్రశ్నల దగ్గరే. చవకైన చక్కెర ఏడాది పొడుగునా ఎక్కడి నుంచి వస్తుంది? పని అయ్యాక మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

డెల్టాకు ఇది కొత్త విద్యేమీ కాదు. స్వాతంత్ర్యానికి నాలుగు రోజుల ముందు, 1947 ఆగస్టు 11న, ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో ఆంధ్ర షుగర్స్ పెట్టారు. చెరకు రసం నుంచి చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను ఈస్ట్‌తో పులియబెడితే ఆల్కహాలు, ఆ ఆల్కహాలు నుంచి ఎసిటిక్ ఆమ్లం. ఆస్పిరిన్ కూడా అక్కడ తయారైంది. ఈరోజు విధాన పత్రాల్లో ‘బయో ఆధారిత రసాయనాలు’ అని రాస్తున్నది దీన్నే. తర్వాత పెట్రోలియం నుంచి తీసే ఇథిలీన్ చవకైపోవడంతో దేశమంతటా ఆల్కహాలు రసాయనాల దారి సన్నబడింది. డెల్టాలో చెరకు కూడా తగ్గింది, కొన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మొలాసిస్ చక్కెర మీద ఇక్కడ కొత్త పరిశ్రమ లేచే సూచన నాకైతే కనిపించడం లేదు.

మిగిలింది వరి. వరిలో చక్కెర రెండు చోట్ల దాగి ఉంది. గింజలో పిండిగా, గడ్డిలో పీచుగా.

గింజ కథ సులువు. తాటికల్లు తెలిసినవాళ్లకు సగం తెలిసినట్టే. గెల నుంచి కారే నీరులో చక్కెర సిద్ధంగా ఉంటుంది, ముంతలో ఉన్న ఈస్ట్ గంటల్లో దాన్ని పట్టుకుంటుంది. పులవకూడదనుకుంటే ముంత లోపల సున్నం పూస్తారు, అప్పుడది నీరా. బియ్యంలో మాత్రం చక్కెర అణువులు గొలుసులుగా ముడిపడి పిండి రూపంలో ఉంటాయి, ఈస్ట్‌కు ఆ గొలుసు కొరుకుడు పడదు. అందుకే ఇథనాల్ ప్లాంట్లలో నూకలను పిండి చేసి, నీళ్లు కలిపి, 85–90 డిగ్రీల దగ్గర ఉడికిస్తూ ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము వేస్తారు. గరిట తిరగనంత చిక్కగా ఉన్న గంజి చూస్తుండగానే పలచబడుతుంది, గొలుసులు ముక్కలైనట్టు గుర్తు అది. 60 డిగ్రీలకు చల్లార్చాక గ్లూకోఅమైలేజ్ వేస్తే ఆ ముక్కలు గ్లూకోజ్‌గా విడిపోతాయి. ఇంకా చల్లార్చి, 32 డిగ్రీల దగ్గర ఈస్ట్ చల్లితే రెండు మూడు రోజుల్లో ఆల్కహాలు తయారు. మరిగించి ఆవిరి పట్టి, చివరి తడిని కూడా తీసేస్తే పెట్రోలులో కలపడానికి పనికొస్తుంది.

టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్లు వస్తుంది. తూర్పుగోదావరి జిల్లా గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో 2022 నవంబరులో శంకుస్థాపన జరిగిన ప్లాంటు సామర్థ్యం రోజుకు 2 లక్షల లీటర్లు. అది పూర్తిగా తిరగాలంటే రోజుకు 440 టన్నుల గింజ కావాలి, పది టన్నుల లారీలు 44 అన్నమాట.

ఇక డబ్బు లెక్క. 2025 జనవరిలో భారత ఆహార సంస్థ బియ్యాన్ని ఇథనాల్ ప్లాంట్లకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. అంటే లీటరు ఇథనాల్‌లో బియ్యం ఖరీదే 50 రూపాయలు. అప్పటికి ఆ బియ్యంతో చేసిన ఇథనాల్‌కు చమురు కంపెనీలు ఇస్తున్న ధర 58 రూపాయల 50 పైసలు. మిగిలిన ఎనిమిదిన్నర రూపాయల్లోనే ఎంజైములు, బాయిలర్‌కు ఊక, కరెంటు, కూలీ, బ్యాంకు వడ్డీ అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు. కాబట్టి ప్లాంటు బతికేది అడుగున మిగిలిన మడ్డి మీద. ఈస్ట్ పిండిని తినేశాక గింజలోని మాంసకృత్తులు అలాగే ఉండిపోతాయి. దాన్ని ఎండబెట్టి డీడీజీఎస్ అని అమ్ముతారు, బియ్యం నుంచి వచ్చినదైతే 45 శాతం దాకా ప్రొటీనే. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి వరసగా వేలాడదీస్తారు, చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. ఒకప్పుడు ఆ సంచుల్లో నూనె తీసిన తవుడే ప్రధానం, ఇప్పుడు డీడీజీఎస్ కూడా చేరుతోంది. పెట్రోలు బంకులో మొదలైన విధానం కైకలూరు చేప మేత ధర దగ్గర తేలుతోందంటే వింతేం కాదు.

ఇందులో ఒక గట్టి ప్రమాదముంది. 2023 జులైలో బియ్యం ధరలు పెరుగుతున్నాయని ఆహార సంస్థ ఇథనాల్‌కు బియ్యం ఇవ్వడం ఉన్నపళంగా ఆపేసింది. ప్లాంట్లు మార్కెట్లో నూకల వెంట, మొక్కజొన్న వెంట పడ్డాయి. మొక్కజొన్న ఇథనాల్‌కు ధర లీటరు 71 రూపాయల 86 పైసలకు పెంచాక ఆ గింజ అటు మళ్లింది. అనపర్తి, తణుకు వైపు కోళ్లఫారాల వాళ్లు మేత ఖర్చు చూసి గుండెలు బాదుకున్నారు. పెట్రోలులో ఇథనాల్ వాటా 2014లో ఒకటిన్నర శాతం, 2025లో 20 శాతం. నిజంగా పెద్ద మార్పే. కానీ ఆ పెరుగుదలలో కొంత భాగం కోళ్ల మేత గింజను పక్కకు లాగి సాధించినదేనని ఒప్పుకోవాలి.

అందుకే అందరి కళ్లూ గడ్డి మీద పడ్డాయి. తిండితో పోటీ లేదు, దాళ్వా (రబీ) కోతలయ్యాక చాలాచోట్ల తగలబెట్టేదే కదా అన్నది వాదన. వినడానికి బాగుంది. చిక్కంతా గడ్డి నిర్మాణంలోనే ఉంది.

వరిగడ్డిలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ అనే రెండు రకాల చక్కెర గొలుసులు ఉంటాయి, వాటిని లిగ్నిన్ అనే బంక పట్టి ఉంచుతుంది. పైగా ఇసుకలో ఉండే సిలికా వరిగడ్డిలో దండిగా ఉంటుంది, అది మిషన్ల బ్లేళ్లనూ పైపులనూ అరగదీస్తుంది. ముందు ఆమ్లంతోనో ఆవిరి ఒత్తిడితోనో లిగ్నిన్‌ను వదులు చేయాలి, తర్వాత సెల్యులేజ్ ఎంజైముతో గొలుసు తెంపాలి. ఆ ఎంజైమును ఇచ్చే బూజు ట్రైకోడెర్మా రీసై. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికిపోతుంటే, కారణం వెతుకుతూ దాన్ని పట్టుకున్నారు. దాని దగ్గరి చుట్టాన్ని మన కొబ్బరి రైతులు ఎరుగుదురు, వేపపిండిలో కలిపి చెట్టు మొదట్లో వేసే ట్రైకోడెర్మా పొడి అదే జాతిది. ఇక హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు, జన్యువులు మార్చిన ఈస్ట్ కావాలి.

ఇన్ని మెట్లకు ఎంత ఖర్చవుతుందో పోల్చి చూడండి. హరియాణాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన గడ్డి ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఖర్చు 900 కోట్లకు పైగా. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి తిని 3 కోట్ల లీటర్లు ఇవ్వాలి, అంటే టన్నుకు 150 లీటర్లు. గుమ్మళ్లదొడ్డి గింజ ప్లాంటు అంచనా వ్యయం 270 కోట్లు, ఏడాదికి 330 రోజులు తిరిగితే ఆరున్నర కోట్ల లీటర్లు. ఒక్కో లీటరు సామర్థ్యానికి గడ్డి దారిలో పెట్టుబడి ఏడు రెట్లు. అమెరికాలో డ్యూపాంట్ అంతటి కంపెనీ అయోవాలో మొక్కజొన్న చొప్పతో ఇథనాల్ ప్లాంటును 2015లో తెరిచి 2017లో అమ్మకానికి పెట్టింది.

పానిపట్ లాంటిది డెల్టాలో పెడితే? ఎకరానికి 2 టన్నుల గడ్డి అనుకుంటే లక్ష ఎకరాల గడ్డి కావాలి. ధవళేశ్వరం కింద ఆయకట్టు దాదాపు 10 లక్షల ఎకరాలు, కాబట్టి పదో వంతు. కాగితం మీద చిటికెలో పని. చేలో దిగితే తెలుస్తుంది. సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి, తుపాను పడితే పనలు నీళ్లలో నానుతాయి, నానిన గడ్డి కుప్పలోనే కుళ్లిపోతుంది. దాళ్వా గడ్డి ఎండు గడ్డే, కానీ ఏప్రిల్‌లో కొన్ని వారాల్లోనే మొత్తం ఎత్తేయాలి. కోత మిషన్ వెళ్లిన వెనకే గడ్డిని కట్టలు కట్టే బేలర్ తిరగాలి, ఆపైన ట్రాక్టరు. కట్ట 20 కిలోలనుకుంటే 2 లక్షల టన్నులకు కోటి కట్టలు. అవి ఏడాది పొడుగునా తడవకుండా, నిప్పంటుకోకుండా ఎక్కడ పెడతారు? ఎకరం లక్షల్లో పలికే డెల్టాలో గడ్డివాముకు స్థలమిచ్చేదెవరు? పాడి గేదెలున్న ఇంట్లో గడ్డి వ్యర్థం కాదు, అదే వాళ్లకు ఏడాది మేత. బేలరు ఖర్చు, బండి బాడుగ పోగా తనకేం మిగులుతుందో చెప్పనంతవరకూ రైతు అగ్గిపెట్టె వైపే చూస్తాడు. అతన్ని తప్పుపట్టడం అన్యాయం.

గడ్డికి అంతకంటే సులువైన దారి గ్యాస్. డ్యూపాంట్ వదిలేసిన ఆ అయోవా ప్లాంటునే వెర్బియో అనే జర్మన్ కంపెనీ కొని బయోగ్యాస్‌కు మార్చింది. అదే కంపెనీ పంజాబ్ సంగ్రూర్ జిల్లాలో వరిగడ్డితో రోజుకు 33 టన్నుల కంప్రెస్డ్ బయోగ్యాస్ చేసే ప్లాంటు పెట్టింది, 2022లో ప్రారంభమైంది. గాలి చొరని ట్యాంకులో రకరకాల బ్యాక్టీరియా కలిసి పనిచేస్తాయి. వేరే ఎంజైము కొనక్కర్లేదు, ఈస్ట్ కోసం శుభ్రత పాటించే బాధ లేదు, జైలోజ్ కూడా వృథా పోదు. మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. కాలువలు నింపేస్తున్న గుర్రపుడెక్కను కూడా ఇందులో వేయొచ్చని ఉత్సాహపడేవాళ్లున్నారు. వేయొచ్చు, కానీ అందులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. ఆ నీళ్లకు లారీ బాడుగ కట్టేదెవరు?

మన రాష్ట్రంలో 500 బయోగ్యాస్ ప్లాంట్లకు రిలయన్స్‌తో 2024 నవంబరులో ఒప్పందం కుదిరింది. మొదటిది ఎక్కడ మొదలైందో చూడండి, అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు. బంజరు భూముల్లో పశుగ్రాసం లాంటి గడ్డి పెంచి వాడాలన్నది ఆలోచన. పెంచిన గడ్డి ఏడాదిలో ఎన్నోసార్లు కోతకొస్తుంది, గోదాముతో పనిలేదు. గడ్డి గుట్టలుగా పడివున్న డెల్టాను కాదని మెట్ట వైపు వెళ్లడంలోనే ముడిసరుకు లెక్క ఎంత కీలకమో తెలుస్తోంది.

ఇంధనం కోసం చక్కెరను ఖర్చు చేయడంలో మరో నష్టం కూడా ఉంది. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి లెక్క ప్రకారం 92 గ్రాముల ఇథనాల్ వస్తుంది, మిగతా 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. అదే గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాకు పెడితే 180 గ్రాములకు 180 గ్రాములూ సరుకే. లాక్టిక్ ఆమ్లాన్ని కలిపి గొలుసు కడితే పీఎల్ఏ అనే ప్లాస్టిక్. ఉత్తరప్రదేశ్‌లోని కుంభీలో బలరాంపుర్ చీనీ కంపెనీ చెరకు చక్కెర నుంచి అలాంటి ప్లాంటు కడుతోంది. నూకలకు పోటీ పెరిగేకొద్దీ కిలో చక్కెరకు ఎక్కువ విలువ తెచ్చే సరుకుల వైపు వెళ్లక తప్పదు.

అలాంటి సరుకు ఒకటి డెల్టా గుమ్మంలోనే తయారవుతోంది. కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో గ్రూపు, చక్కెర తిని బూజు తయారుచేసే పెన్సిలిన్ జి ప్లాంటు కట్టింది. ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యం, 2024 అక్టోబరు 29న ప్రధాని ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. 1928లో ఫ్లెమింగ్ చూసిన బూజు ఇచ్చింది చిటికెడు. 1943లో అమెరికాలోని పియోరియా మార్కెట్లో దొరికిన బూజుపట్టిన కర్బూజ నుంచి మెరుగైన రకం దొరికింది, ఇప్పటి పారిశ్రామిక రకాలన్నిటికీ అదే మూలం. చైనా ధరకు తట్టుకోలేక మన దేశంలో పెన్సిలిన్ జి తయారీ ఆగిపోయింది, అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయోటిక్‌ల ముడిసరుకు కోసం వాళ్ల మీదే ఆధారపడ్డాం. ఉత్పత్తి ప్రోత్సాహకాల పథకంతో మళ్లీ మొదలైంది.

ఇందులో ఎంజైము సత్తా చూపించే ఘట్టం ఒకటుంది. పెన్సిలిన్ జి నుంచి అమాక్సిసిలిన్ చేయాలంటే దాని తోకను కత్తిరించాలి. పాత పద్ధతిలో మైనస్ 40 డిగ్రీల చలిలో, ఘాటైన ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో, క్లోరిన్ ద్రావకంలో ఆ పని చేసేవారు. ఇప్పుడు పెన్సిలిన్ ఎసైలేజ్ అనే ఎంజైము మామూలు నీళ్లలో, గది వేడికి కొంచెం పైన, అదే తోకను శుభ్రంగా కోసేస్తుంది. ఇలాంటిదే తవుడు నూనెలో బంకను ఎంజైముతో తీసే పద్ధతి, దాన్ని హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) తయారుచేసి మిల్లులకు అందించింది. రొయ్యల శుద్ధి కేంద్రాల్లో పోగయ్యే తలకాయలు, పెంకుల నుంచి, పెంకుకు గట్టిదనమిచ్చే కైటిన్ అనే పదార్థం తీయడానికి ఇప్పుడు ఆమ్లం, కాస్టిక్ సోడా వాడుతున్నారు. అక్కడా లాక్టిక్ బ్యాక్టీరియాతో పని జరిపించొచ్చు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి తెల్లదోమ మీదకు వదలడానికి బూజును పెంచింది. డెల్టాకు తగిన పరిమాణం ఇలాంటి వాటిదేనని నా అభిప్రాయం. ముడిసరుకు దగ్గర్లోనే ఉంటుంది, కోటి కట్టలు మోయక్కర్లేదు.

ఇక నీళ్లు. పులియబెట్టే పరిశ్రమ ఏదైనా ప్రాణవాయువును లాగేసే చిక్కటి వ్యర్థజలం ఇస్తుంది, మొలాసిస్ డిస్టిలరీ అయితే లీటరు ఆల్కహాలుకు 8 నుంచి 15 లీటర్లు. మెట్ట ప్రాంతంలో అది దిబ్బ దాటదేమో గానీ, డెల్టాలో నేల బల్లపరుపు. ఒకరి మురుగుకాలువే పక్కవాళ్ల చెరువుకు తోడే నీరు. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మీద 2016లో చెలరేగిన ఆందోళనకు మూలం, వ్యర్థజలం గొంతేరు డ్రెయినులో కలుస్తుందన్న భయమే. తొండంగి తీరంలో 2020 డిసెంబరులో మరో ఫార్మా ప్లాంటు వద్దని మత్స్యకారులు వీధికెక్కినప్పుడూ భయం సముద్రపు నీటి గురించే. ఆ తీరం వెంబడి రొయ్య పిల్లల హేచరీలు అదే సముద్రపు నీటిని తోడి పిల్లను పెంచుతాయి. హేచరీ కూడా బయో ఎకానమీయే కదా! ఒక బయో పరిశ్రమ వదిలేది మరో బయో పరిశ్రమ తాగాల్సి వస్తే ఆ 30,000 కోట్ల డాలర్ల లెక్కలో రెండూ కూడికలుగానే కనిపిస్తాయి.

కంపెనీలు ఇచ్చే జవాబు ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’. చుక్క బయటకు వదలం, అంతా మరిగించి ఎండబెడతాం అని. సాంకేతికంగా సాధ్యమే, గింజ డిస్టిలరీలో డీడీజీఎస్ వచ్చేది అలా ఎండబెట్టడం వల్లే. అయితే పెట్రోలులో కలపడానికే ఇథనాల్ చేసే ప్లాంట్లకు 2021 జూన్ 16న కేంద్ర పర్యావరణ శాఖ, తక్కువ పరిశీలనతో అనుమతి దొరికే బీ2 కేటగిరీ ఇచ్చింది. దాంతో 2024 మార్చి 31లోగా దరఖాస్తు చేసుకున్నవాటికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. ఊరివాళ్లు అడిగే చోటే లేకుండా పోయిందన్నమాట. అడగడానికి ఇంకా మిగిలింది కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రం. రోజుకు ఎన్ని నీళ్లు తోడతారు, ఎంత వ్యర్థజలం వస్తుంది, బాయిలర్‌లో ఏ ఇంధనం ఎంత కాలుస్తారు అన్నీ అందులో ఉంటాయి. డిస్టిలరీల పైపుల దగ్గర ఆన్‌లైన్ మీటర్లు పెట్టి మండలి సర్వర్‌కు కలపాలన్న నిబంధనా ఉంది. మీటరు రీడింగు కంటే నేనైతే ఊక లారీలను లెక్కపెడతాను. వ్యర్థజలాన్ని మరిగించి ఎండబెట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి ఊక కావాలి. ఇథనాల్ ట్యాంకర్లు ఎప్పటిలాగే బయటికెళ్తూ, నవంబరు వానల్లో డ్రెయిను నిండుగా పారుతున్నప్పుడు ఊక లారీలు మాత్రం తగ్గాయంటే, ఆ నీళ్లు ఎటు పోయాయో అడగడానికి అది చాలు.